వెన్నెల పట్టే పళ్లెం

తిరుమలగిరి లాల్‌బజార్‌లో మా మేనమామకు టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. సైన్యంలోని ఈఎంఈ విభాగంలో రాడార్ల మీద పనిచేసి, హవల్దారుగా పెన్షన్ తీసుకుని, అదే సోల్డరింగ్ ఐరన్‌తో ఇక్కడ కూర్చున్న మనిషి. 2008 సంక్రాంతి సెలవుల్లో ఆయన ముందుకు ఒక ప్రశ్న పట్టుకెళ్లాను. న్యూజెర్సీలో ఉన్న మా అన్న ఫిబ్రవరిలో వస్తున్నాడు. ఫోన్‌లో తేల్చి చెప్పమన్నాడు: "హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ తేవాలా, బ్లూ-రేదా? సూట్‌కేసులో ఒక్కదానికే చోటుంది."

అప్పట్లో ఈ రెండు కొత్త డిస్కు పద్ధతులూ కొట్లాడుకుంటున్నాయి. హెచ్‌డీ డీవీడీకి తోషిబా పెద్ద దిక్కు. బ్లూ-రే వెనక సోనీ, పానసోనిక్, ఫిలిప్స్, సామ్‌సంగ్ ఇంకా చాలామంది. ఒకదాని డిస్కు రెండోదానిలో ఆడదు. నేను బ్లూ-రే వైపు, మామ హెచ్‌డీ డీవీడీ వైపు. ఆ రోజు మాటలు, చాలా ఏళ్ల తర్వాత అదే బెంచీ మీద మళ్లీ జరిగిన మాటలు, గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మామ: తోషిబానే తెమ్మను. ఇందుల ఆలోచించేది ఏమున్నది? మొన్న నవంబర్ 2న అమెరికాల వాల్‌మార్ట్ వాళ్లు హెచ్‌డీ-ఏ2 మెషీన్‌ను ఎంతకు అమ్మిండ్రు? 98 డాలర్ల 87 సెంట్లు. మన లెక్కల నాలుగు వేలకు తక్కువ. నాలుగు వేలకు నీలి లేజర్ ఇంటికొస్తుంటె వద్దంటవా?

నేను: అది ఒక్కరోజు బేరం మామా. అయినా అంత తక్కువకు ఎందుకు ఇస్తున్నారో కూడా చూడాలి కదా. గెలుస్తున్నవాడు ధర అంత పడేయడు.

మామ: పడేసింది కాదురా, పడుతది. మొదలే సగం ధర. 2006 ఏప్రిల్‌ల తోషిబా మొదటి మెషీన్ అమెరికాల 499 డాలర్లు. దాని మూత తీస్తె లోపల పెంటియం 4 ఉన్నది, అది ప్లేయర్ కాదు, కంప్యూటరే. అయినా 499. అదే ఏడు జూన్‌ల సామ్‌సంగ్ మొదటి బ్లూ-రే వచ్చింది, 999. ఈ తేడా ఎక్కడిదో తెలుసా? పళ్లెం తయారుచేసేకాడ ఉన్నది.

మామ డిస్కును పళ్లెం అనే అంటాడు. బల్ల మీద పడి ఉన్న ఒక పాత డీవీడీ తీసి, దాని అంచు నాకు చూపించాడు.

మామ: ఇది ఒక్క పలక కాదు. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు, నడుమ జిగురు. సమాచారం ఆ నడుమ ఉంటది. హెచ్‌డీ డీవీడీ కూడా ఇదే పద్ధతి, అదే 0.6. అంటె డీవీడీలు అచ్చు గుద్దే ఫ్యాక్టరీ కొద్ది మార్పుతోని హెచ్‌డీ డీవీడీలు గుద్దుతది. బ్లూ-రేకు అట్ల కుదరదు. వాళ్లు సమాచారాన్ని పైకి తెచ్చి, పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతుల పెట్టిండ్రు. దానికి కొత్త లైన్ కావాలె, గీతలు పడకుంట గట్టి పూత కావాలె. ఆ ఖర్చంత ఎవరి నెత్తిన?

నేను: పైకి తెచ్చారు కాబట్టే ఎక్కువ పట్టింది. బియ్యపు గింజ మీద పేర్లు రాసేవాళ్లను ఎగ్జిబిషన్‌లో చూశాం కదా, గింజను ఎంత దగ్గర పెట్టుకుంటారు? ఇదీ అంతే. లెన్స్ డిస్కుకు దగ్గరైతే చుక్క సన్నబడుతుంది. డీవీడీలో ఒక వరుసకూ పక్క వరుసకూ మధ్య 0.74 మైక్రాన్లు, హెచ్‌డీ డీవీడీలో 0.40, బ్లూ-రేలో 0.32. అందుకే నీ పళ్లెం ఒక పొరలో 15 జీబీ పడితే నాది 25. రెండు పొరలైతే నీది 30, నాది 50.

మామ: లేజర్ మాత్రం ఒక్కటే, అది మరువకు. సీడీకి 780 నానోమీటర్లు, డీవీడీకి 650, ఈ రెండిటికీ 405. ఆ నీలి వెలుగును పుట్టించేటందుకు లోకమంత ఏండ్లకేండ్లు తిప్పలు పడ్డది. జపాన్ల నిచియా అని చిన్న కంపెనీ, అండ్ల నకమూర అని ఒక ఇంజినీరు, 1990లల్ల చేసి చూపెట్టిండు. ఆ వెలుగు ఇద్దరిదీ. నీది 50, నాది 30. సరే. మూడు గంటల సినిమా 30ల మంచిగ పడుతున్నది గదా? వీసీ-1 అని కొత్త పద్ధతిల కుదించి పెడుతున్నరు. మొదట వచ్చిన బ్లూ-రేలు చూసినవా? 25 జీబీ పొర మీద పాత ఎంపెగ్-2 తోని కుక్కిండ్రు. బొమ్మ ఏమంత గొప్పగ లేదని పత్రికలల్ల రాసిండ్రు.

నేను: అది 2006 మాట. ఇప్పుడు అందరూ కొత్త పద్ధతులకే వచ్చారు. చోటు ఎక్కువుంటే కుదించే అవసరం తక్కువ. శబ్దాన్ని కుదించకుండానే పెట్టేస్తున్నారు.

మామ: నీ ఇంట్ల ఆ శబ్దం వినే స్పీకర్లు ఏవి?

దీనికి నా దగ్గర జవాబు లేదు. మామ అక్కడితో ఆగలేదు. నేను కిస్తుల మీద కొన్న 32 అంగుళాల ఎల్‌సీడీని ఆయనే వచ్చి గోడకు బిగించాడు. దాని లెక్కలన్నీ ఆయనకు తెలుసు.

మామ: నీ టీవీ మీద స్టిక్కర్ ఉన్నది చూడు, హెచ్‌డీ రెడీ అని. 1366 అడ్డం, 768 నిలువు. గుణిస్తె పదిన్నర లక్షల చుక్కలు. ఈ రెండు పళ్లేల మీద ఉండే బొమ్మ 1920కి 1080, ఇరవై లక్షల ఏడు వందల వేలు... ఆగు, 20 లక్షల 73 వేల చుక్కలు. సగం చుక్కలు నీ టీవీ చూపెట్టనే చూపెట్టది. పైగ పది అడుగుల దూరంల కూసుంటవ్. ఆ దూరం నుంచి 32 అంగుళాల మీద తేడా పట్టాలంటె గద్ద కండ్లు కావాలె. నువ్వు 25, 50 అని కొట్లాడుతున్నవు!

నేను: రేపు పెద్ద టీవీ కొంటాను మామా. ప్లేయర్ కొనేది ఇవ్వాళ ఒక్కరోజుకు కాదు కదా. ఆ ఏ2 మెషీన్ 1080ఐ వరకే ఇస్తుంది, 1080పీ ఇవ్వదు.

మామ: సినిమా సెకనుకు 24 ఫ్రేములే. ఐల పంపినా మంచి టీవీ దాన్ని మళ్ల జోడించుకుంటది. నీ టీవీకి పీ వచ్చినా ఐ వచ్చినా 768 కిందికి దించుడే.

నేను: ఇంకోటి. అమెరికా మెషీన్, 120 వోల్టులు. ఇక్కడ పెడితే పొగలే.

మామ: గది నా పని. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి ఇస్త. లోపల ఎస్ఎంపీఎస్ ఉంటది, 50 హెర్ట్జా 60 హెర్ట్జా అని దానికి పట్టింపు లేదు. వోల్టేజ్ ఒక్కటి చూస్తె చాలు.

నేను: మరి డీవీడీలు? అమెరికా ప్లేయర్ డీవీడీలకు రీజియన్ 1, మనది 5. మనం ఇక్కడ కొన్నవి పాల్ డిస్కులు. అవి దాంట్లో ఆడకపోవచ్చు.

మామ: రీజియన్ మాట నువ్వే ఎత్తినవు, మంచిదాయె. పాత డీవీడీ ప్లేయర్ పక్కన ఉండనే ఉన్నది, డీవీడీలు అండ్ల చూసుకో. కొత్త పళ్లేల సంగతి చూడు. బ్లూ-రే వాళ్లు లోకాన్ని మూడు ముక్కలు చేసిండ్రు. ఏ, బీ, సీ. అమెరికా, జపాన్ ఏ. మనం, చైనా, రష్యా సీ. మీ అన్న అక్కడ కొన్న పళ్లెం ఇక్కడి బ్లూ-రే మెషీన్ల పెడితే కొన్ని ఆడుతయ్, కొన్ని ఆడవు. హెచ్‌డీ డీవీడీకి ఈ గోడలే లేవు. ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడుతది. పైసలు పెట్టి కొన్నోని చేతిల వస్తువుకు తాళమేసే హక్కు వీళ్లకు ఎవరిచ్చిండ్రు?

ఈ మాట దగ్గర మామ గొంతు పెరిగింది. నాకూ అది తగిలింది. ఆ రోజు నేను ఒప్పుకోలేదు కానీ, ఈ మొత్తం గొడవలో ఆయన చెప్పినవాటిలో అన్నిటికంటే న్యాయమైన మాట అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

నేను: తాళం లేదు సరే. తలుపు తీస్తే లోపల సామాను ఉండాలి కదా. జనవరి 4న వార్నర్ వాళ్లు ఏమన్నారో చదివావా? ఇన్నాళ్లూ రెండిటి మీదా సినిమాలు వేశారు. మే నెలాఖరు తర్వాత ఇక బ్లూ-రే మాత్రమే. డిస్నీ, ఫాక్స్, లయన్స్‌గేట్ మొదట్నుంచీ బ్లూ-రేనే. సోనీకి కొలంబియా సొంతం, 1989లోనే కొన్నారు. నీ వైపు మిగిలింది యూనివర్సల్, పారామౌంట్, డ్రీమ్‌వర్క్స్. అంతే.

మామ: ట్రాన్స్‌ఫార్మర్స్ నా వైపే ఉన్నది. ప్లానెట్ ఎర్త్ రెండిట్ల ఉన్నది. నాకు ఇంకేం కావాలె?

నేను: నీకు కావలసింది కాదు మామా, షాపులో దొరికేది. బీటా సంగతి నాకు చెప్పింది నువ్వే. మీ సుబేదారు సాబ్ ఇంట్లో సోనీ బీటామాక్స్ ఉండేదని, బొమ్మ వీహెచ్‌ఎస్ కంటే బాగుండేదని.

మామ: ఉండేది. ఏషియాడ్ అయినంక రంగుల టీవీలొచ్చినయ్, వెనకనే వీసీఆర్‌లు. 1982, 83 ముచ్చట. సాబ్ సింగపూర్ నుంచి తెప్పించుకున్నడు. ఆ బొమ్మే బొమ్మ. చక్కటి మెషీన్.

నేను: మరి ఆ చక్కటి మెషీన్‌లో ఎన్ని సినిమాలు చూశారు?

మామ కాసేపు మాట్లాడలేదు. ఆ రోజుల్లో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపుల్లో ఉన్నవి దాదాపు అన్నీ వీహెచ్‌ఎస్‌లే. సుబేదారు గారు ఆదివారం పూట బీటా క్యాసెట్ కోసం సికింద్రాబాద్ అంతా తిరిగి, చివరకు పక్క క్వార్టర్‌లో వీహెచ్‌ఎస్ మీద సినిమా చూసి వచ్చేవాడని మామే చాలాసార్లు చెప్పాడు. సోనీ 1975లో బీటా తెచ్చినప్పుడు క్యాసెట్ గంటసేపే ఆడేది. మరుసటి ఏడు జేవీసీ తెచ్చిన వీహెచ్‌ఎస్ రెండు గంటలు. తర్వాత సోనీ కూడా నిడివి పెంచింది, కానీ అప్పటికే వీహెచ్‌ఎస్ చాలా ఇళ్లలో చేరిపోయింది. ఆ దెబ్బ తిన్నవాళ్లే కాబట్టి ఈసారి సోనీ వాళ్లు సినిమా కంపెనీని చేతిలో పెట్టుకుని బరిలోకి దిగారని నా వాదన.

మామ: నువ్వు చెప్పేది వ్యాపారం. నేను చెప్పేది మెషీన్. హెచ్‌డీ డీవీడీ మొదటి రోజు నుంచే పూర్తిగ తయారైన వస్తువు. ప్రతి ప్లేయర్ల నెట్ కేబుల్ పెట్టుకునే జాగ ఉండాలె అని నియమం. బ్లూ-రే వాళ్లు ఇంక రాసుకుంటనే ఉన్నరు. ప్రొఫైల్ 1.0 అంటరు, పోయిన నవంబర్ నుంచి 1.1 అంటరు, రేపు 2.0 అంటరు. నిన్న కొన్నోడు ఇయ్యాల పాతబడ్డడు. పూర్తిగాని బండిని వర్క్‌షాప్ నుంచి బయటికి పంపితే మా కాడ ఓర్సుకునేటోళ్లు కాదు.

నేను: అందుకే పీఎస్3 కొనాలి. అది నెట్ నుంచి తనే మారిపోతుంది.

మామ: పోయిన ఏప్రిల్‌ల మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర ఎంత? 39,990. నలభై వేలు! మోజర్ బేర్ వాళ్లు సినిమా డీవీడీ 34 రూపాయలకు, వీసీడీ 28కి అమ్ముతున్న దేశంల నలభై వేలు పెట్టి ప్లేయర్ కొను. కొని, అండ్ల ఏం పెడుతవ్? ఒక్క మాట అడుగుత, సూటిగ చెప్పు. ఈ రెండు కొత్త పళ్లేల మీద మన సినిమా ఏదన్న ఒక్కటి ఉన్నదా?

బెంచీ మీద అప్పటిదాకా ఊపుమీదున్న నేను ఆగిపోయాను. బాగా ఆలోచించాను. ఒక్క తెలుగు సినిమా పేరు కూడా నాకు తట్టలేదు. మామకూ తట్టలేదు. గంటన్నరగా ఇద్దరం తోషిబా, సోనీల కోసం గొంతులు చించుకున్నాం. మేమిద్దరం ప్రాణం పెట్టి చూసే సినిమాలు ఆ రెండిటిలో ఎక్కడా లేవు.

మామ: మాయాబజార్‌ల పడవ మీద పాట ఉంటది చూడు. నీళ్ల మీద వెన్నెల. మార్కస్ బార్‌ట్లీ అని కెమెరామన్, ఆ వెన్నెల ఆయన చేసిందే. అసలు వెన్నెల కాదది, పుట్టించిండు. మా నాయన పెద్ద తెర మీద చూసి ఇంటికొచ్చి ఆ వెన్నెల గురించే చెప్పిండట. నేను దాన్ని వీసీడీల చూసిన. వీసీడీ అంటె 352కి 288, లక్ష చుక్కలు. వెన్నెల లేదు, నీళ్లు లేవు. బూడిద రంగు గడులు గడులు. డీవీడీ మీద చూసిన, నాలుగు లక్షల చుక్కలు, కొద్దిగ నయం. 35 ఎంఎం నెగటివ్ మీద ఉన్నది ఈ అన్నిటికంటె ఎక్కువ. ఆ 20 లక్షల చుక్కలల్ల అది చూడాలని ఉన్నది నాకు. ట్రాన్స్‌ఫార్మర్స్ నేనేం చేసుకుంట?

అన్నకు ఆ రాత్రి ఫోన్ చేశాను. ధర చూసి వాడు హెచ్‌డీ డీవీడీకే మొగ్గాడు. ఫిబ్రవరి రెండో వారంలో ప్లేయర్‌తో పాటు ఎనిమిది డిస్కులు కూడా తెచ్చాడు. ఫిబ్రవరి 19, మంగళవారం. తోషిబా అధ్యక్షుడు నిషిదా టోక్యోలో పత్రికలవాళ్ల ముందు కూర్చుని, హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు ఇక తయారుచేయబోమని ప్రకటించాడు. అంతకు నాలుగు రోజుల ముందే వాల్‌మార్ట్ బ్లూ-రే ఒక్కటే అమ్ముతామంది. యూనివర్సల్, పారామౌంట్ ఆ వారంలోనే అటు మారాయి.

పేపరు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. గెలిచానన్న సంతోషం ఉంది, కాదనను. మామ చదివి మడిచి పక్కన పెట్టాడు. చేతిలో సగం చుట్టిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. చుట్టడం ఆపలేదు. "మెషీన్ ఏం తప్పు చేసింది?" అన్నాడు. రెండు రోజుల్లో దాన్ని బిగించాడు. ఆ ఎనిమిది డిస్కులే ఆయన ఎన్నేళ్లో చూశాడు. ప్లానెట్ ఎర్త్ చూపించడానికి వీధిలో పిల్లల్ని పిలిచేవాడు.

నేను మొదటి బ్లూ-రే ప్లేయర్ 2011లో కొన్నాను, సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్లో. అప్పటికి ధర చాలా దిగింది. ఇంగ్లీషు డిస్కులు కొన్ని కొన్నాను. వాటికంటే ఎక్కువ రోజులు దాంట్లో పాత తెలుగు డీవీడీలే వేసుకుని చూశాను. నెట్ వచ్చాక అదీ మానేశాను. 2025 వేసవిలో, కొత్తగా కొన్న 55 అంగుళాల 4కే టీవీకి వారంటీ కాగితాలేవో చూపించడానికి వెళ్తే, అదే బెంచీ మీద మళ్లీ గొడవ మొదలైంది. ఈసారి డిస్కు కొనమన్నది మామ. వద్దన్నది నేను.

మామ: అంత టీవీ కొన్నవు. 4కే బ్లూ-రే ప్లేయర్ ఒకటి తీసుకో.

నేను: ఇప్పుడా? 2018లో ఒప్పో మానేసింది. మరుసటి ఏడు సామ్‌సంగ్ అమెరికాలో కొత్తవి తేవడం ఆపింది. మొన్న 2024 చివర్లో ఎల్‌జీ కూడా చాలించింది. నెట్‌ఫ్లిక్స్ మొదలైందే పోస్టులో డిస్కులు పంపుతూ, 2023 సెప్టెంబర్‌లో అదీ మూసేశారు. నువ్వు 2008లో చేసిన పనే నన్ను ఇప్పుడు చేయమంటున్నావు.

మామ: సోనీ, పానసోనిక్ ఇంక చేస్తున్నయ్ గదా. వాళ్లు కూడ ఆపకముందే అంటున్న. నెట్‌ల 4కే అంటవు, దానికి నెట్‌ఫ్లిక్స్ వాళ్లు అడిగేది సెకనుకు 15 మెగాబిట్లు. పళ్లెం మీద 4కే అయితె 128 దాక పోతది. టీవీ చుక్కలు అవే 83 లక్షలు. ఆ చుక్కలకు తిండి ఎంత పెడుతున్నవు అన్నది లెక్క. చీకటి సీన్లల్ల, పొగల, నీళ్ల మీద చూడు, నెట్ బొమ్మ ఎట్ల ముద్దలు కడుతదో.

నేను: నాకు చాలా సినిమాలకు ఆ తేడా అడ్డురాదు. లేచి డిస్కు మార్చే పని లేదు. అమ్మ కూడా తనే పెట్టుకుని చూస్తోంది.

మామ: అమ్మ చూసుడు మంచిదే. ట్రిపుల్ ఆర్ నెట్‌కు వచ్చినప్పుడు ఏమాయె? 2022 మే. నెట్‌ఫ్లిక్స్‌ల హిందీ. తెలుగు కావాలంటె జీ5 కట్టుకో. లోకమంత మన సినిమాను హిందీ గొంతుతోని చూసింది. నీ అన్న అమెరికాల ఎట్ల చూసిండో అడుగు. ఒక్క పళ్లెం మీద నాలుగు భాషలు పెట్టొచ్చు, ఎవరికి ఏది కావాలంటె అది నొక్కుకుంటరు. అది నీ అల్మరల ఉంటది. వాళ్ల కాంట్రాక్టు అయిపోయిందని ఒక పొద్దున లేచి చూసేసరికి మాయం కాదు.

నేను: అల్మరాలో ఉన్నది కూడా ఉంటుందన్న నమ్మకం ఏముంది? నీ ఎనిమిది డిస్కుల్లో ఎన్ని ఆడుతున్నాయి?

మామ లోపలికి వెళ్లి డిస్కుల డబ్బా తెచ్చాడు. ఒక్కొక్కటి తీసి ట్యూబ్‌లైట్‌కు పట్టుకుని చూపించాడు. ఐదు ఆడుతున్నాయి. మూడు చదవట్లేదు. వాటి మీద ఒక్క గీత కూడా లేదు. లోపల పొరలు అతికిన చోట ఏదో చెడింది. ఆయన ఎంత జాగ్రత్త మనిషో నాకు తెలుసు, డిస్కును అంచులు తప్ప పట్టుకోడు.

మామ: ఒప్పుకుంట. పళ్లెం శాశ్వతం కాదు. మెషీన్ మాత్రం ఇంక నడుస్తనే ఉన్నది. కాని పళ్లెం చెడితె నాకు తెలుస్తది, ఇంకోటి వెతుక్కుంట. మొత్తమే లేనిది ఎక్కడ వెతకాలె?

నేను: సరే, కొంటాననే అనుకో. ఏది కొనాలి?

మామ: ముందు నీ టీవీ కంపెనీ చూడు. సామ్‌సంగ్ టీవీ అయితె డాల్బీ విజన్ అనే బొమ్మ పద్ధతి ఉండదు, వాళ్లది హెచ్‌డీఆర్10 ప్లస్. సోనీ, ఎల్‌జీ టీవీలయితె డాల్బీ విజన్. సోనీ ప్లేయర్లు డాల్బీ విజన్ దిక్కు. పానసోనిక్ యూబీ820 అయితె రెండిటినీ పలుకుతది. మళ్ల అదే కొట్లాట, పేర్లు మారినయ్ అంతే. హెచ్‌డీఆర్10 మాత్రం అన్నిట్ల ఉంటది, కాబట్టి ఏది కొన్నా బొమ్మ వస్తది. ఇంకోటి, 4కే పళ్లేలకు రీజియన్ తాళం తీసేసిండ్రు. నేను అప్పుడు చెప్పింది వాళ్లకు పదేండ్లకు తెలిసొచ్చింది. మామూలు బ్లూ-రేలకు ఆ తాళం ఇంక ఉన్నది. బాహుబలి జపాన్ల బ్లూ-రే మీద వచ్చింది. జపాన్ ఏ, మనం సీ. మన సినిమా పళ్లెం మన మెషీన్ల ఆడుతదా ఆడదా అని చూసుకొని కొనాలె.

నేను: జపాన్‌వాళ్లు మన సినిమాను బ్లూ-రే మీద దాచుకుంటున్నారు.

మామ: వాళ్లు దాచుకుంటున్నరు.

ఈ మాట తర్వాత ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. నాకు కోపం వచ్చింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. 2008లో నేను గెలిచిందేమిటి? స్టూడియోలను లెక్కపెట్టి చెప్పాను, అది నిజమైంది. మెషీన్‌కు బలం దానిలో ఆడే సినిమాలే అని నేను అన్నది సరైన మాటే. కానీ ఆ మాటను మన ఇంటికి తెచ్చి అడగలేదు. ఏ ప్లేయర్ కొనాలని అడిగాను తప్ప, మన సినిమాలను ఏ ప్లేయర్‌కైనా అందేలా ఎవరు ఉంచుతున్నారని అడగలేదు. మన తొలి టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద, ఇవాళ చూద్దామంటే లేదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో వచ్చింది. అప్పటికి ఎన్ని రీళ్లు పోయాయో. 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు హైదరాబాద్‌లో శిబిరం పెట్టి ఫిల్మును ఎట్లా శుభ్రం చేయాలి, ఎట్లా దాచాలి అన్నది నేర్పారు. అలాంటివి ఏటా జరగాలి. ఇంత పెద్ద పరిశ్రమ ఉన్న ఊళ్లో నెగటివ్‌లు వెతికి, 4కేలో స్కాన్ చేసి, తెలుగు శబ్దంతో డిస్కు మీద వేసి అమ్మితే కొనేవాళ్లలో నేను మొదటివాడిని. ప్లేయర్ ఏ కంపెనీదైనా సరే.

నేను: 2010లో మాయాబజార్‌కు రంగులు వేసి వదిలారు కదా. హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ వాళ్లు. నువ్వు వెళ్లి చూశావు.

మామ: జనవరిల వచ్చింది. వచ్చిన మొదటి వారమే పోయిన. మస్తు కష్టపడి చేసిండ్రు, ఫ్రేము ఫ్రేము తుడిచిండ్రు, శబ్దం డీటీఎస్ చేసిండ్రు. హాలంత పిల్లలు. సంతోషమే. కాని బార్‌ట్లీ వెన్నెల నలుపు తెలుపుల మధ్య ఉన్నది. తెల్లటిది ఎంత తెలుపు, దాని పక్క నీడ ఎంత నలుపు, ఆ రెండిటి నడుమ ఎన్ని మెట్లు, అదంత లెక్క పెట్టి చేసిండు. నాకు ఆ మెట్లు కావాలె.

ఆ రోజు సాయంత్రం మామను ఇంటికి తీసుకొచ్చాను. కొత్త టీవీకి 2011 నాటి నా బ్లూ-రే ప్లేయర్ తగిలించి, మా దగ్గరున్న పాత మాయాబజార్ డీవీడీ వేశాను. నాలుగు లక్షల చుక్కల్ని ప్లేయర్, టీవీ కలిసి లాగి, సాగదీసి, 83 లక్షల చుక్కల మీద పరిచాయి. పడవ పాట వచ్చింది. మామ కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లాడు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని, నీళ్ల మీద వెలుగు నీడలోకి దిగిపోయే చోట, బొమ్మ మసకగా ముద్ద కట్టిన దగ్గర, అద్దానికి తగలకుండా వేలు పెట్టాడు.

"ఇగో, ఇక్కడ," అన్నాడు. "ఈ నల్లటిదాంట్ల ఇంకేదో ఉన్నది."